ఏ కాలు ముందు? బాక్సింగ్ స్టాన్స్‌లో ఉన్న లెక్క

తిరుపతిలోనో చిత్తూరులోనో బాక్సింగ్ నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లాడికి మొదటి రోజు ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఒకటే. "ఏ చేత్తో రాస్తావు?" కుడి అంటే ఎడమ కాలు ముందుకు పెట్టిస్తారు. ఎడమ అంటే కుడి కాలు. అర నిమిషంలో తేలిపోతుంది. ఆ తర్వాత ఐదేళ్లో పదేళ్లో ఆ పిల్లాడి ఆటంతా ఆ అర నిమిషం మీదే నడుస్తుంది. ఏ చేతి పంచ్ బలంగా పడాలి, ఒంట్లో ఏ వైపు దెబ్బకు తెరిచి ఉండాలి, ఎలాంటి ప్రత్యర్థి ఎదురైతే తికమక పడాలి అన్నవి చాలావరకు అక్కడే ఖాయమైపోతాయి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక తెలుగు ఇళ్లలో ఆడపిల్లను బాక్సింగ్‌కు పంపుతామంటే ఆశ్చర్యపోయేవాళ్లు తగ్గారు. పిల్లలు వస్తున్నప్పుడు ఆ మొదటి ప్రశ్నను ఇంకాస్త శ్రద్ధగా అడగాలి.

స్టాన్స్ అంటే నిలబడే తీరు, అంతే. చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో సీటు దొరకక నిలబడ్డవాళ్లను గమనిస్తే సగం సంగతి తెలుస్తుంది. డ్రైవర్ బ్రేక్ వేస్తాడని తెలిసినవాడు ఎవరూ చెప్పకుండానే ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు పెట్టి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, కొద్దిగా పక్కకు తిరిగి నిలబడతాడు. రెండు పాదాలు దగ్గరపెట్టి నిలబడ్డవాడు ముందువాళ్ల మీద పడతాడు. బస్సులో పడకుండా ఉంటే చాలు. రింగులో పడకుండా ఉండాలి, కొట్టాలి, దెబ్బ తప్పించుకోవాలి. ఈ మూడు పనులూ ఒకదానితో ఒకటి కుదరవు. బాగా పక్కకు తిరిగితే ఛాతీ, పొట్ట దాక్కుంటాయి కానీ వెనక చెయ్యి ప్రత్యర్థికి దూరమైపోతుంది. ఎదురుగా తిరిగితే రెండు చేతులూ దగ్గరవుతాయి, ఒళ్లంతా తెరుచుకుంటుంది. కాళ్లు వెడల్పుగా పెట్టి కిందికి కూర్చుంటే కదిలించడం కష్టం, కదలడమూ కష్టమే. ఏ స్టాన్స్ అయినా ఈ మూడింటి మధ్య ఒక బేరం. దేన్ని దాచుకుంటున్నాం, బదులుగా దేన్ని వదులుకుంటున్నాం అని అడిగితే ఏ స్టాన్స్ అయినా అర్థమవుతుంది.

అన్నిటికీ పునాది మాత్రం ఒకటే. పాదాల మధ్య భుజాలంత వెడల్పు ఉండాలి. ముందు పాదం కాస్త లోపలికి తిరిగి, వెనక పాదం ఏటవాలుగా, మడమ కొంచెం లేచి ఉండాలి. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉండకూడదు. రేణిగుంట దగ్గర రైలు పట్టాలను ఊహించుకుంటే, ఒక కాలు ఒక పట్టా మీద, రెండో కాలు రెండో పట్టా మీద ఉండాలి. రెండూ ఒకే పట్టా మీదకు వస్తే పక్క నుంచి చిన్న తోపు చాలు, పడిపోవడానికి. పంచ్‌లో బలం చేతిదని కొత్తవాళ్లు అనుకుంటారు. అది వెనక పాదం నేలను తన్నిన చోట పుట్టి, నడుము తిరగడంతో పెరిగి, భుజం దాటి పిడికిలికి చేరుతుంది. మధ్యలో ఎక్కడ ఒదులు వచ్చినా చేతి బలం ఒక్కటే మిగులుతుంది.

కదిలేటప్పుడు పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు, దగ్గరికి చేరకూడదు, రెండూ ఒకేసారి గాల్లోకి లేవకూడదు. ఈ మూడోది ఎందుకో చిత్తూరు జిల్లా పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి ధర్మరాజుల గుళ్లలో మహాభారత ఉత్సవాలు జరిగినప్పుడు చివర్లో దుర్యోధన వధ చూస్తూనే పెరుగుతారు. నేల మీద మట్టితో చేసిన ఆ పెద్ద విగ్రహం చుట్టూ భీముడి వేషధారి తిరుగుతుంటే ఊరంతా చేరుతుంది. కథలో దుర్యోధనుడు దెబ్బ తప్పించుకోవడానికి పైకి ఎగిరాడు. ఎగిరిన క్షణంలోనే భీముడి గద తొడలకు తగిలింది. నాభి కింద కొట్టడం గదాయుద్ధ ధర్మానికి విరుద్ధం, బాక్సింగ్‌లోనూ బెల్టు కింద కొడితే ఫౌలే. ధర్మం సంగతి అలా ఉంచితే, గాల్లో ఉన్నవాడు దిశ మార్చుకోలేడు, కాచుకోలేడు. దుర్యోధనుడంతటి గదాయోధుడికీ అక్కడ దారి లేకపోయింది.

ఎడమ కాలు ముందు

ఎడమ కాలు, ఎడమ చెయ్యి ముందుంటే దాన్ని ఆర్థోడాక్స్ అంటారు. కుడిచేతి వాటం వాళ్లు ఎక్కువ కాబట్టి బాక్సర్లలో ఎక్కువమంది ఇలాగే నిలబడతారు. ముందున్న ఎడమ చేత్తో జాబ్ వేస్తారు, అంటే చెయ్యి నేరుగా చాచి వేసే వేగమైన తేలిక దెబ్బ. వెనకున్న కుడి చేత్తో క్రాస్, అంటే నడుము తిప్పి నేరుగా వేసే బలమైన దెబ్బ. మొదటిసారి విన్నవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. బలమైన చెయ్యి దూరంగా దాచి, బలహీనమైన చేతికి ఎక్కువ పని ఇవ్వడమేమిటి? బౌట్‌లో, అంటే ఒక పోటీలో, ఎక్కువసార్లు పడేది జాబే కదా?

దీనికి జవాబు రోకలి దగ్గర దొరుకుతుంది. రోకలిని ఎంత పైకెత్తితే అంత బలంగా పడుతుంది. కుడి చెయ్యి వెనక ఉంటే దానికి ప్రయాణించే దూరం ఎక్కువ, నడుము పూర్తిగా తిరిగే వీలు ఎక్కువ. జాబ్‌కు అంత బలం అక్కర్లేదు. అది దూరం కొలుస్తుంది, ఎదుటివాడి కళ్లకు అడ్డం పడుతుంది, వాడి గార్డ్‌ను, అంటే కాపలాగా పెట్టుకున్న చేతులను కదిలిస్తుంది, వెనక వచ్చే కుడి చేతికి దారి చేస్తుంది. ఇంకో లాభం శరీరంలోనే ఉంది. కాలేయం కుడి పక్కటెముకల కింద ఉంటుంది. ఆర్థోడాక్స్‌లో ఆ వైపు వెనక్కు ఉండి, కుడి మోచెయ్యి దాన్ని కాస్తుంది. అయినా ఆ చోటు పూర్తిగా క్షేమం కాదు. 2004 సెప్టెంబర్‌లో ఆస్కార్ డి లా హోయా తొమ్మిదో రౌండ్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్ ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే దెబ్బ, సరిగ్గా అక్కడే తిని కూలిపోయాడు. కాలేయం మీద దెబ్బ తగిలినవాడికి స్పృహ ఉంటుంది, రిఫరీ పది వరకు పెట్టే లెక్క వినబడుతూనే ఉంటుంది, లేవడానికి మాత్రం ఒళ్లు సహకరించదు.

ఆర్థోడాక్స్‌కు ఉన్న పెద్ద బలహీనత అందరికీ అది తెలియడమే. ఎదుటివాడూ అలాగే నిలబడి, అలాగే నేర్చుకుని వచ్చాడు. జాబ్ వేసిన చెయ్యి వెనక్కు వచ్చేటప్పుడు కిందికి జారితే దాని మీదుగా కుడి క్రాస్ వస్తుందని వాడికీ తెలుసు. అప్పటికి ఓటమి ఎరగని జో లూయిస్ ప్రొఫెషనల్ జీవితంలో మొదటి ఓటమి ఇలాంటిదే. జాబ్ వేశాక లూయిస్ ఎడమ చెయ్యి కిందికి దిగుతోందని మాక్స్ ష్మెలింగ్ ముందే పసిగట్టాడు. 1936 జూన్ 19న న్యూయార్క్‌లో ఆ సందులోంచే కుడి చేత్తో కొట్టుకుంటూ పోయి పన్నెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ తలపడినప్పుడు లూయిస్ మొదటి రౌండ్‌లోనే, రెండు నిమిషాలు కాస్త దాటాక పని ముగించాడు. రెండు బౌట్లలోనూ అదే ఆర్థోడాక్స్. అంతటి ఆటగాడిని మొదటిసారి పడగొట్టింది జారిన చెయ్యి. జాబ్ వేసిన దారినే చెయ్యి వెనక్కు రావాలని కోచ్‌లు రోజూ అరుస్తుంటే పిల్లలకు విసుగొస్తుంది. ఆ అరుపు వెనకున్న కథ చెబితే కొంత విసుగు తగ్గుతుంది.

కుడి కాలు ముందు, రొడ్డచెయ్యి వెనక

సౌత్‌పా దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. కుడి కాలు, కుడి చెయ్యి ముందుంటాయి, ఎడమ చెయ్యి వెనక. కానీ ఆర్థోడాక్స్ వాడి ఎదురుగా నిలబడగానే ఆట రూపమే మారిపోతుంది.

ఇద్దరూ ఆర్థోడాక్స్ అయితే ఒకరి ముందు కాలు ఇంకొకరి వెనక కాలికి ఎదురుగా ఉంటుంది, జాబ్‌లకు ఎవరి దారి వాళ్లకుంటుంది. ఒకరు సౌత్‌పా అయితే ముందు కాళ్లు రెండూ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ముందు చేతులు ఒకదాన్నొకటి తగులుతాయి, జాబ్‌కు దారి ఇరుకవుతుంది. వెనక చేతులకు మాత్రం దారి బార్లా తెరుచుకుంటుంది. అందుకే ఇలాంటి బౌట్‌లో సగం పోరాటం నేల మీదే జరుగుతుంది. తన ముందు పాదాన్ని ఎదుటివాడి ముందు పాదానికి బయటి వైపు పెట్టగలిగినవాడి వెనక చెయ్యి నేరుగా గడ్డం మీదకు వెళ్తుంది, ఎదుటివాడి వెనక చెయ్యి అతని పక్క నుంచి జారిపోతుంది. కాలు బయట ఉంటే అన్ని వేళలా గెలుస్తాడని కాదు. పెద్ద ఆటగాళ్లు కావాలనే లోపలికి అడుగేసి హుక్ వేయడమూ ఉంది. నేర్చుకునే దశలో మాత్రం బయటి కాలి కోసం పోరాడటం మంచి అలవాటు.

సౌత్‌పాకు ఉన్న అసలు లాభం అరుదుగా ఉండటమే. మనుషుల్లో ఎడమచేతి వాటం వాళ్లు పదిమందిలో ఒకరు. సౌత్‌పా తన జీవితమంతా ఆర్థోడాక్స్ వాళ్లతోనే స్పారింగ్ (సాధన పోరు) చేస్తాడు. ఆర్థోడాక్స్ వాడికి సౌత్‌పా ఎప్పుడో ఒకసారి దొరుకుతాడు. ఒకరికి అలవాటైన లెక్క ఇంకొకరికి కొత్త. మేరీ కోమ్ సౌత్‌పా. పెద్దగా ఎత్తు లేని ఆమె ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయి, తనకు అలవాటైన 48 కిలోల తరగతి ఒలింపిక్స్‌లో లేకపోతే 51 కిలోల్లో పెద్దవాళ్లతో తలపడి 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది. ఎనిమిది వెయిట్ తరగతుల్లో టైటిళ్లు గెలిచిన మానీ పాకియావ్ కూడా సౌత్‌పానే. అతని ఎడమ చెయ్యి వచ్చే కోణం ఆర్థోడాక్స్ బాక్సర్లకు ఏళ్ల తరబడి అంతుపట్టలేదు.

మరి నష్టం? కాలేయం ఉన్న కుడి వైపు ముందుకు వస్తుంది. ఆర్థోడాక్స్ వాడి ఎడమ హుక్‌కు అది దగ్గర. ఇంకా పెద్ద నష్టం, తెరుచుకున్న దారి రెండు వైపులా తెరుచుకోవడం. తన ఎడమ చెయ్యి ఎంత తేలిగ్గా వెళ్తుందో ఎదుటివాడి కుడి చెయ్యి అంత తేలిగ్గా వస్తుంది. 2012 డిసెంబర్ 8న ఆరో రౌండ్ చివర్లో పాకియావ్ కొట్టడానికి ముందుకు దూకాడు. హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాడు. ఎదురొచ్చిన ఒక్క కుడి చేతి దెబ్బకు పాకియావ్ బోర్లా పడ్డాడు, లెక్క పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. అంతకుముందు వాళ్లిద్దరూ మూడుసార్లు తలపడ్డారు. అరుదైన స్టాన్స్ ఇచ్చే లాభం ఎదుటివాడికి అలవాటయ్యేకొద్దీ కరిగిపోతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడే మన ఇళ్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఎడమచేతి వాటాన్ని ఈ ప్రాంతంలో రొడ్డచెయ్యి అంటారు, ఆ మాటలోనే కొంచెం చులకన ఉంది. గుళ్లో తీర్థానికి ఎడమ చెయ్యి చాపితే పూజారి కంటే ముందు పక్కనున్న పెద్దమ్మ చేతి మీద కొడుతుంది. అన్నం కుడి చేత్తో, పలక మీద బలపం కుడి చేత్తో, ఎవరికైనా డబ్బిచ్చినా కుడి చేత్తోనే. పుట్టుకతో ఎడమచేతి వాటం ఉన్న పిల్లాడు ఐదారేళ్లకే కుడి చేత్తో రాయడం నేర్చేసుకుంటాడు. అలాంటివాణ్ణి మైదానంలో "ఏ చేత్తో రాస్తావు?" అని అడిగితే "కుడి" అనే చెబుతాడు. అది వాడి ఒంటి జవాబు కాదు, ఇంట్లో దిద్దిన జవాబు.

మామిడి తోటలున్న జిల్లా ఇది. తోపులో కాయ కోసం రాయి ఏ చేత్తో విసురుతావని అడిగితే నిజం బయటికొస్తుంది, ఎందుకంటే రాయి విసరడం ఎవరూ దగ్గర కూర్చుని నేర్పలేదు. కళ్లు మూసుకుని నిలబడమని వెనక నుంచి మెల్లగా తోస్తే ముందు ఏ కాలు పడుతుంది? బంతిని ఏ కాలితో తంతాడు? ఈ మూడూ చూసినా పది నిమిషాలు పట్టదు. జవాబులు ఒకదానికొకటి కుదరకపోతే ఆ పిల్లాణ్ణి రెండు వైపులా నిలబెట్టి చూడాలి.

బలమైన చెయ్యి ముందుంటే

జవాబులు కుదరని పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ల విషయంలో ఇంకో దారి ఉంది. వాటానికి వ్యతిరేకంగా నిలబెట్టడం. అంటే ఎడమచేతి వాటం ఉన్నవాణ్ణి ఆర్థోడాక్స్‌గా, కుడిచేతి వాటం ఉన్నవాణ్ణి సౌత్‌పాగా. అప్పుడు బలమైన చెయ్యి ముందుకొస్తుంది. జాబ్ ముల్లులా గుచ్చుకుంటుంది, ముందు చేతి హుక్ భయంకరంగా ఉంటుంది. డి లా హోయా, మిగెల్ కోటో ఇద్దరూ పుట్టుకతో ఎడమచేతి వాటం వాళ్లే, ఆర్థోడాక్స్‌గా ఆడారు. వాళ్ల ఎడమ హుక్‌కు అంత పేరు ఊరికే రాలేదు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన వాసిల్ లోమచెంకో కుడిచేతి వాటం ఉండి సౌత్‌పాగా ఆడాడు.

ఇందులో పోయేదేమిటంటే వెనక చెయ్యి. నడుమంతా తిప్పి వేసే పెద్ద దెబ్బ బలహీనమైన చేతికి వెళ్తుంది. దాన్ని పైకి తేవడానికి ఏళ్లు పడుతుంది, కొందరికి ఎప్పటికీ రాదు. డి లా హోయా కుడి చెయ్యి ఎడమంత భయపెట్టలేదన్న మాట కెరీర్ పొడవునా వినిపించింది. అయినా చిన్న వయసులో మొదలుపెట్టిన పిల్లలకు ఈ దారి చెడ్డదేం కాదు. మూడు రౌండ్ల అమెచ్యూర్ బౌట్‌లో జాబే పాయింట్లు తెస్తుంది, నాకౌట్ కోసం చూసే అవసరం తక్కువ. ఇరవై దాటాక మాత్రం ఈ మార్పు చేయించడం వృథా ప్రయాస.

ముందు చెయ్యి ఎంత దూరం తీసుకెళ్లగలదో జో ఫ్రేజియర్‌ను చూస్తే తెలుస్తుంది. చిన్నప్పుడు అతని ఎడమ చేతికి దెబ్బ తగిలి సరిగా అతుక్కోలేదు, పూర్తిగా చాచలేకపోయేవాడు. వంగిన ఆ చెయ్యే హుక్ అయింది. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేనో రౌండ్‌లో ముహమ్మద్ అలీని పడగొట్టింది ఆ ఎడమ హుకే. అలీ చేతులు కిందికి వేలాడదీసి కాళ్ల వేగం మీద ఆధారపడి ఆడేవాడు. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు, మూడున్నరేళ్లు రింగుకు దూరంగా ఉండి వచ్చాడు. చేతులు కిందుంచే స్టాన్స్‌లో కాళ్లే గార్డ్. కాళ్లు అలసిన పదిహేనో రౌండ్‌లో గడ్డానికి కాపలా లేకుండా పోయింది. అలీ ఫోటోలు చూసి చేతులు దించి ఆడే పిల్లలు మన దగ్గరా ఉన్నారు. ఆ ఫోటోల్లో కనిపించని కాళ్ల గురించి వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

సవ్యసాచి

అర్జునుడికి ఉన్న పేర్లలో సవ్యసాచి ఒకటి. ఎడమ చేత్తోనూ బాణం వేయగలవాడు. మహాభారత ఉత్సవాల్లో అర్జునుడి వేషధారి తపసు మాను అనే పొడవాటి కంబం ఎక్కుతుంటే పిల్లలు మెడలు సాచి చూస్తారు. అంత కష్టపడి ఎక్కడం ఆ పేరుకు తగిన చిత్రమే. రెండు చేతుల ఆట అంత తేలిగ్గా రాదు.

బాక్సింగ్‌లో రెండు స్టాన్స్‌లూ మార్చి మార్చి ఆడేవాళ్లను స్విచ్ హిట్టర్లంటారు. ఈ తరంలో టెరెన్స్ క్రాఫర్డ్ దానికి పెద్ద పేరు. 2023 జూలైలో అప్పటికి ఓటమి లేని ఎరల్ స్పెన్స్‌ను తొమ్మిదో రౌండ్‌లో ఆపేశాడు. క్రాఫర్డ్‌కు రెండు వైపులా జాబ్ ఉండేది, రెండు వైపులా బలం ఉండేది, అన్నిటికంటే ముఖ్యంగా ఎప్పుడు మారాలో తెలిసేది. ఎదుటివాడు ఒక లెక్కకు అలవాటు పడేసరికి అతను ఇంకో లెక్క మొదలుపెట్టేవాడు.

స్విచ్ చేసే ఆ అర సెకనే ప్రమాదం. ఒక కాలు ఇంకో కాలిని దాటేటప్పుడు రెండు పాదాలూ ఒకే వరసకు వస్తాయి, ఛాతీ పూర్తిగా ఎదురు తిరుగుతుంది. అప్పుడు తగిలిన మామూలు జాబ్ కూడా పడగొడుతుంది. ఇంకో ప్రమాదం నిదానంగా వస్తుంది. రెండూ సగం సగం నేర్చుకున్నవాడికి ఏదీ పూర్తిగా రాదు. తప్పుడు వేళ మారితే ఏమవుతుందో పెద్దవాళ్ల ఆటలోనూ ఉంది. మార్విన్ హాగ్లర్ తన కాలపు గొప్ప సౌత్‌పా. 1987 ఏప్రిల్ 6న షుగర్ రే లెనార్డ్‌తో బౌట్‌ను ఆర్థోడాక్స్‌గా మొదలుపెట్టాడు. మొదటి రౌండ్లు చేజారాయి, తర్వాత సౌత్‌పాకు మారి వెంటపడినా నిర్ణయం స్ప్లిట్‌గా, అంటే జడ్జిలు ఏకాభిప్రాయం లేకుండా, లెనార్డ్‌కు వెళ్లింది. ఆ రాత్రి ఎవరు గెలిచారన్న వాదన ఇప్పటికీ ఉంది. మొదటి రౌండ్లు హాగ్లర్ చేతులారా వదులుకున్నాడన్న దాంట్లో మాత్రం పెద్దగా వాదన లేదు.

మూడేళ్లు ఒక స్టాన్స్‌లో నిలబడని పిల్లలకు స్విచ్ నేర్పడం తొందరపాటే. ఫోన్‌లో వీడియోలు చూసి అడిగే పిల్లలకు కాదనడం కష్టమే అయినా, కాదనాలి.

చేతులు ఎక్కడుండాలి

కాళ్ల సంగతి తేలాక గార్డ్. ఇక్కడా అదే బేరం.

పాత ఫోటోల్లో బాక్సర్లు వెనక్కు వంగి, చేతులు కిందికి చాచి నిలబడటం చూస్తే వింతగా ఉంటుంది. వాళ్లు తెలియక అలా నిలబడలేదు. వట్టి చేత్తో పుర్రె మీద కొడితే వేళ్లు విరుగుతాయి, పట్టుకుని కింద పడేయడానికీ అప్పటి రూల్స్ ఒప్పుకునేవి. అందుకే తల దూరంగా, కాళ్లు గట్టిగా. 1867లో క్వీన్స్‌బెరీ రూల్స్ గ్లోవ్స్, మూడు నిమిషాల రౌండ్లు తెచ్చి, కుస్తీ పట్లు తీసేశాక తల మీద దెబ్బలు పెరిగాయి, చేతులు పైకి లేచాయి. రూల్ మారినప్పుడల్లా స్టాన్స్ మారింది.

ఇప్పుడు పిల్లలకు నేర్పే హై గార్డ్‌లో రెండు పిడికిళ్లూ చెంపల దగ్గర, మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉంటాయి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. కానీ అందులో దాక్కునే అలవాటు పట్టుకుంటే ముందు ఏం జరుగుతోందో కనబడదు, పొట్ట మీద దెబ్బలు పడుతుంటాయి, జడ్జిలకు మాత్రం ఎదుటివాడే కొడుతున్నట్టు కనిపిస్తుంది.

పీకబూ గార్డ్ కోచ్ కస్ డి'అమాటో శిష్యుల వల్ల ప్రసిద్ధమైంది. గ్లోవ్స్ ముఖం ముందే, కాళ్లు కాస్త ఎదురుగా, తల ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూ. 1986లో ఇరవై ఏళ్ల మైక్ టైసన్ దీంతోనే అతి చిన్న వయసు హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. పొట్టివాడు పొడుగువాడి చేతుల కిందుగా లోపలికి దూరడానికి ఇది అద్భుతమైన ఆయుధం. తల ఊగినంతసేపే. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ ఎదుట టైసన్ తల నిలిచిపోయింది. పొడవాటి జాబ్ ఒకదాని వెనక ఒకటి తగులుతూ పోయింది, పదో రౌండ్‌లో టైసన్ కింద పడ్డాడు. ఎదురుగా తిరిగిన కాళ్లతో నిలబడి తల కదపనివాడు సులువైన గురి.

ఫ్లాయిడ్ మేవెదర్ పేరుతో అందరికీ తెలిసిన షోల్డర్ రోల్ ఇంకో కొస. ఒళ్లు పక్కకు తిప్పి, ముందు చెయ్యి పొట్టకు అడ్డంగా దించి, ఎత్తిన ఎడమ భుజం వెనక గడ్డం దాచుకుంటారు. కుడి క్రాస్ వస్తే భుజం తిప్పి జార్చేసి, వెంటనే తన కుడి చేత్తో జవాబిస్తారు. చూడటానికి ఇంత అందమైన గార్డ్ లేదు, పిల్లలు కాపీ కొట్టడానికి ఇంత ప్రమాదమైనదీ లేదు. సౌత్‌పా ఎదురైతే దీని లెక్క తప్పుతుంది. అతని బలమైన ఎడమ చెయ్యి రెండో వైపు నుంచి వస్తుంది, ఎత్తిన భుజం దానికి అడ్డు రాదు. రెండు ముంజేతులూ అడ్డంగా పెట్టే క్రాస్ ఆర్మ్ గార్డ్ ఇప్పుడు అరుదు. 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ దాని వెనక దెబ్బలు కాచుకుంటూ ఓపిక పట్టి, 1994 నవంబర్‌లో సౌత్‌పా అయిన మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో ఒక నేరు కుడి చేత్తో పడగొట్టాడు.

మైదానంలో

మన ప్రాంతంలో స్టామినా కోసం అలిపిరి మెట్లెక్కడం అలవాటు. 3550 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరికైనా ఊపిరి అందదు. ఊపిరికి, పిక్కలకు అంత మంచి వ్యాయామం డబ్బిచ్చినా దొరకదు. కానీ మెట్లు ముందుకు, పైకి మాత్రమే తీసుకెళ్తాయి. బాక్సింగ్ స్టాన్స్‌కు కావలసింది పక్కలకు జరగడం, వెనక్కు నెట్టుకోవడం, వెనక పాదం మీద తిరగడం. మెట్లెక్కి గట్టి కాళ్లు తెచ్చుకున్న పిల్లలు రింగులో వెనక్కు అడుగేయమంటే పాదాలు దగ్గరకు చేర్చేస్తుంటారు. మెట్లతో పాటు నేల మీద సుద్దతో గీత గీసి, దాని రెండు వైపులా పాదాలుంచి పక్కలకు జరిగే సాధన రోజూ పావుగంట ఉండాలి. కర్రసాము నేర్చుకుని వచ్చిన పిల్లలకు పక్కకు తిరిగి నిలబడటం, కాళ్ల మీద ధ్యాస ఉంచడం ముందే వచ్చి ఉంటాయి. కర్ర పొడవును బట్టి వాళ్లు వెడల్పుగా, దూరంగా నిలబడటానికి అలవాటు పడి ఉంటారు. ఆ వెడల్పు తగ్గించి, దూరం తగ్గించి ఇస్తే మిగతాది వేగంగా పట్టుకుంటారు.

అమెచ్యూర్ బౌట్ మూడు రౌండ్లు, పెద్దవాళ్లకు ఒక్కోటి మూడు నిమిషాలు. ప్రొఫెషనల్ ఆటలో లాగా ఆరు రౌండ్లు ఓపికగా చదివి ఏడో రౌండ్‌లో కొట్టే వీలు లేదు. మొదటి నిమిషంలోనే శుభ్రమైన దెబ్బలు కనబడాలి. అందుకే పిల్లలకు మరీ పక్కకు తిరగని, మరీ ఎదురుగా రాని స్టాన్స్, హై గార్డ్, మంచి జాబ్ చాలు. పొడుగ్గా, సన్నగా ఉన్న అమ్మాయికి కాస్త ఎక్కువ పక్కకు తిరిగి జాబ్‌తో దూరంగా ఉంచే ఆట నప్పుతుంది. పొట్టిగా, గట్టిగా ఉన్నవాడికి కాళ్లు కాస్త ఎదురుగా పెట్టి లోపలికి దూరే ఆట. ఇది ఎత్తు చూసి తేల్చేది కాబట్టి ఎదిగే వయసులో ఏడాదికొకసారి మళ్లీ చూసుకోవాలి. పన్నెండేళ్లకు పొట్టిగా ఉన్నవాడు పదహారుకు బృందంలో అందరికంటే పొడుగవచ్చు.

చిన్న ఊళ్లలో శిక్షణ బృందాలకు ఉండే ఇబ్బంది సౌత్‌పా దొరకకపోవడం. పదిహేను మంది ఉన్న చోట ఒక్కరో ఇద్దరో ఉంటారు, ఒక్కోసారి ఒక్కరూ ఉండరు. అక్కడి పిల్లలు రాష్ట్ర పోటీల్లో మొదటిసారి సౌత్‌పాను చూసి, ముందు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పడతారు, మొదటి రౌండ్ అందులోనే పోతుంది. దీనికి ఖర్చు లేని మందు ఉంది. వారంలో ఒక రోజు కోచే కుడి కాలు ముందు పెట్టి, పిల్లలు పంచ్‌లు వేసే ప్యాడ్స్ పట్టుకోవాలి. పాత విద్యార్థుల్లో ఒకరు తిప్పి నిలబడి, గట్టి దెబ్బలు లేకుండా, బయటి కాలి కోసం మాత్రమే పోటీ పడే స్పారింగ్ రెండు రౌండ్లు చేయాలి. అలా తిప్పి నిలబడ్డవాడికి మొదటి వారం అంతా తలకిందులుగా ఉంటుంది, జాబ్ పోదు, కాళ్లు చిక్కుకుంటాయి. నెల తిరిగేసరికి ఒకరిద్దరికి కుడి చేతి జాబ్ ఎడమ దాని కంటే వేగంగా వెళ్తోందని తెలుస్తుంది. వాళ్లను పక్కకు పిలిచి, రాయి ఏ చేత్తో విసురుతారో మళ్లీ ఒకసారి అడగాలి.